పాత ఫైబర్ పడవకు మరమ్మతు: పాలియెస్టరా, ఎపాక్సీయా, మేస్త్రీ చేతికా?

గోపాలపూర్ నుంచి సోనాపురం వరకు ఒడిశాలోని గంజాం తీరంలో ఉన్న మన మత్స్యకార గ్రామాలలో కొయ్యతెప్పల స్థానంలోకి ఫైబర్ పడవలు వచ్చి చాలా ఏళ్లయింది. వాటిలో ఎన్నింటికో ఇప్పుడు వయసు మీద పడింది. అడుగు అరిగిపోయి, అంచులు చిట్లి, ఇంజను బిగించే వెనుక చెక్క చుట్టూ పగుళ్లు తేలిన పడవలు ప్రతి ఊరి ఒడ్డునా కనిపిస్తాయి. అటువంటి పడవ ఉన్నవారి ముందు నాలుగు దారులు ఉంటాయి: తక్కువ ధరకు దొరికే పాలియెస్టర్ రెసిన్‌తో (గాజు పోగులను తడిపి, గట్టిపడి, వాటిని పట్టి ఉంచే ద్రవమే రెసిన్) సొంతంగా అతుకు వేసుకోవడం, ఖరీదైన ఎపాక్సీ రెసిన్‌తో సొంతంగా వేసుకోవడం, ఫైబర్ పని తెలిసిన మేస్త్రీకి అప్పగించడం, ఆ పడవను వదిలేసి మరొకటి కొనడం. ఏది మంచిదని దుకాణంలో అడిగితే డబ్బా ధరలు చెబుతారు. కానీ ధర చివరగా చూడవలసిన విషయం. దెబ్బ ఎక్కడ ఉంది, ఎంత లోతుకు దిగింది, ఆ చోట ఎంత తడి చేరింది అన్నవి ముందుగా తేల్చుకుంటే, ఒకే పడవలో ఒక్కొక్క చోటికి ఒక్కొక్క దారి సరిపోతుందని అర్థమవుతుంది.

కాబట్టి కొనుగోలుకు ముందు పరీక్ష జరగాలి. పడవను బోర్లించి, నాచు, గుల్లలు గీకి, మంచినీటితో కడిగి, చిన్న సుత్తి పిడితోనో రూపాయి బిళ్లతోనో అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లాలి. గట్టిగా ఉన్న చోట ఠంగుమని స్పష్టమైన శబ్దం వస్తుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నీరు చేరిన చోట డబ్బుమని మొద్దుగా వినిపిస్తుంది. మొద్దు శబ్దం మొదలైన చోటు నుంచి ముగిసిన చోటు వరకు సుద్దతో గీత గీస్తే, కంటికి కనబడిన పగులు కంటే అసలు దెబ్బ ఎంత పెద్దదో తెలుస్తుంది. పైపూత అయిన జెల్‌కోట్‌లో మాత్రమే ఉన్న సన్నని గీతలు పడవ బలాన్ని తగ్గించవు. అయితే ఒకే బిందువు నుంచి నక్షత్రంలా గీతలు పాకితే అక్కడ ఏదో గట్టిగా తగిలిందని, అడ్డకమ్మి పక్కన వరుసగా గీతలు తేలితే అక్కడ పడవ గోడ అలలకు ఊగుతోందని గ్రహించాలి. ఈ రెండు సందర్భాల్లోనూ జెల్‌కోట్‌ను అరగదీసి కింద చూడాలి. కింది ఫైబర్ తెల్లగా పాలిపోయి ఉంటే పొరలు విరిగినట్టే లెక్క.

మన తీరంలో మరొక రకం నష్టం ఉంది. రేవు లేని ఊళ్లలో పడవను రోజూ ఇసుక మీదుగా లాగడం వల్ల అడుగు వెన్ను వెంట జెల్‌కోట్ పూర్తిగా అరిగి, మ్యాట్ (ముక్కలు చేసిన గాజు పోగుల పరుపు) పోగులు నెరిసిన వెంట్రుకల్లా బయటికి వస్తాయి. దీనిలో రంధ్రం లేదు, నీరు కారదు, అందుకే చాలామంది పట్టించుకోరు. కానీ బయటపడిన ప్రతి పోగూ వత్తి మాదిరిగా ఉప్పునీటిని లోపలి పొరలలోకి పీలుస్తుంది. కొన్నాళ్లకు పడవ బరువెక్కుతుంది, ఇంజను ఎక్కువ నూనె తాగుతుంది, ఆ తరువాతే పగులు కనిపిస్తుంది.

తడి సంగతి తేలకుండా ఏ రెసిన్ డబ్బా మూతా తీయకూడదు. తడి ఫైబర్ మీద పాలియెస్టర్ అంటదు. తడిని కొంత ఓర్చుకునే ఎపాక్సీ కూడా ఉప్పు చెమ్మ ఉన్న చోట నిలకడగా పట్టదు. దెబ్బ తిన్న చోట జెల్‌కోట్ అరగదీసిన తరువాత కొన్ని రోజుల పాటు మంచినీటితో పదేపదే కడగాలి, ఎందుకంటే లోపల మిగిలిన ఉప్పు గాలిలోని తేమను మళ్లీ లాగుతుంది. ఆ తరువాత నీడపట్టున గాలి తగిలేటట్టు ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు: పల్చని ప్లాస్టిక్ కాగితాన్ని ఆ చోట పరిచి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించి, ఒక పగలంతా ఎండలో ఉంచితే, లోపలివైపు నీటి బిందువులు పట్టాయంటే ఇంకా తడి ఉన్నట్టే. ఆరడానికి వారం చాలవచ్చు, నెల పట్టవచ్చు; ఈ ఓపిక లేనప్పుడు ఏ దారీ మంచి దారి కాదు.

ఇక్కడే కాలం ఎంపిక కూడా వస్తుంది. తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కనుక మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే పెట్టుకోవడం అలవాటైంది. నా అభిప్రాయంలో సొంతంగా పని చేసుకునేవారికి అది కష్టమైన కాలం: ఎండ తీవ్రత వల్ల రెసిన్ చేతిలోనే గట్టిపడుతుంది, గాలిలో ఉక్క ఎక్కువ, జూన్ వచ్చేసరికి వాన మొదలవుతుంది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు మన దగ్గర గాలి పొడిగా, వేడి మితంగా ఉంటుంది. రుషికుల్య నది మొగ చుట్టుపక్కల ఆలివ్ రిడ్లే తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపు మర పడవల వేటపై నిషేధం ఉండటం వల్ల, ఆ వైపు గ్రామాలవారికి చలికాలంలో పడవ ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. ఆ నెలలను మరమ్మతుకు వాడుకోవడం అన్ని విధాలా మేలు.

ఇక రెండు రెసిన్ల పోలిక. మన పడవలు దాదాపు అన్నీ పాలియెస్టర్‌తోనే తయారైనవి కాబట్టి అదే రెసిన్‌తో అతుకు వేస్తే సరిపోతుందని అనిపించడం సహజం. కానీ పడవ తయారైనప్పుడు ఒక పొర పచ్చిగా ఉండగానే మరొక పొర పడుతుంది కాబట్టి అవన్నీ రసాయనికంగా ఒక్కటవుతాయి. ఏళ్ల కిందట గట్టిపడిన ఫైబర్ మీద కొత్త పాలియెస్టర్ వేసినప్పుడు ఆ కలయిక జరగదు. గరుకుతనాన్ని పట్టుకుని నిలబడటమే దానికి ఉన్న ఆధారం. పైగా గట్టిపడేటప్పుడు పాలియెస్టర్ ఎపాక్సీ కంటే చాలా ఎక్కువగా కుంచించుకుపోతుంది, ఆ లాగుడంతా అతుకు అంచుల మీద పడుతుంది. ఎపాక్సీ ఒక జిగురు వంటిది కూడా; పాత ఫైబర్‌కూ, కొయ్యకూ గట్టిగా అంటుతుంది, కుంచించుకుపోవడం తక్కువ, నీటిని పీల్చడం తక్కువ.

అలాగైతే అంతటా ఎపాక్సీనే వాడాలా అంటే, అక్కరలేదు. దీనికి రెండు కారణాలున్నాయి. కిలో ధర పాలియెస్టర్ కంటే రెండు మూడు రెట్లు ఉండటం మొదటిది, కానీ అది అందరూ అనుకునేంత ముఖ్యమైనది కాదు. ఒక అరచేయి వెడల్పు రంధ్రాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గోడ మందం 6 మిల్లీమీటర్లు అనుకుంటే, అంచులను మందానికి 12 రెట్ల దూరం, అంటే చుట్టూ సుమారు 7 సెంటీమీటర్లు వాలుగా అరగదీయాలి. 10 సెంటీమీటర్ల రంధ్రం అప్పుడు 24, 25 సెంటీమీటర్ల పళ్లెం ఆకారమవుతుంది. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ ఒక్కొక్క పొరకు సుమారు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది కాబట్టి పాలియెస్టర్ పద్ధతిలో మ్యాట్, నేసిన రోవింగ్ (మందపాటి గాజు పోగుల బట్ట) కలిపి ఆరేడు పొరలు పడతాయి. ఇంత చేసినా వృథాతో కలిపి అర కిలో రెసిన్ దాటదు. అర కిలో మీద ధర తేడా ఒక రోజు డీజిల్ ఖర్చు పాటి కూడా ఉండదు. సముద్రం మధ్యలో ఆ అతుకు ఊడితే జరిగే నష్టంతో దానిని పోల్చనే కూడదు. అందువల్ల రంధ్రం, లోతైన పగులు, నీటి గీతకు దిగువన ఉన్న దెబ్బ, కొయ్యా ఫైబరూ కలిసే చోటు, ఈ చిన్న పనులన్నింటికీ ఎపాక్సీనే నేను సిఫారసు చేస్తాను.

రెండో కారణం అసలైనది. గట్టిపడిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ చక్కగా అంటుతుంది, కానీ ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా గట్టిపడదు, నమ్మకంగా అంటదు. ఒకసారి ఎపాక్సీ వేసిన చోట తరువాత వచ్చే ప్రతి మరమ్మతూ ఎపాక్సీతోనే జరగాలి. ఇసుకకు అరిగే అడుగు వెన్నును దాదాపు ఏటా తిరిగి పరచవలసిందే కనుక, పది మీటర్ల పొడవున అక్కడ ఎపాక్సీ వేయడం అంటే ప్రతి ఏడూ అంత ఖరీదైన పనికి కట్టుబడటం. ఆ చోటికి పాలియెస్టరే తగినది. అయితే సాధారణ జనరల్ పర్పస్ రెసిన్ కాకుండా, కొంచెం ధర ఎక్కువైనా ఐసోఫ్తాలిక్ రకాన్ని అడిగి తీసుకోవాలి. నీటిలో మునిగి ఉండే భాగానికి అది మెరుగ్గా నిలుస్తుంది. వినైల్ ఎస్టర్ అనే మరో రకం రెసిన్ దొరికితే ఇంకా మంచిది, కానీ దానిని నిల్వ ఉంచగల కాలం తక్కువ కాబట్టి డబ్బా మీద తయారీ తేదీ చూడకుండా కొనకూడదు.

ఏ రెసిన్‌కు ఏ బట్ట అన్న విషయంలో జాగ్రత్త అవసరం. మామూలు మ్యాట్‌లోని ముక్కల పోగులను పట్టి ఉంచే బంధకం పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రావకానికి కరిగి మెత్తబడుతుంది. స్టైరీన్ లేని ఎపాక్సీలో అది కరగక మ్యాట్ బిరుసుగా నిలిచి, వంపుల దగ్గర లేచిపోతుంది. ఎపాక్సీతో నేసిన బట్టనో కుట్టిన బట్టనో వాడాలి. పాలియెస్టర్‌తో అయితే పాత ఫైబర్‌ను తాకే మొదటి పొర మ్యాట్ అయి ఉండాలి, ఆ మీద రోవింగ్, మళ్లీ మ్యాట్. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెసిన్, రోవింగ్‌కు దాదాపు సమాన బరువు సరిపోతుంది. రెసిన్ ఎంత పోస్తే అంత బలం అనుకోవడం పొరపాటు. బలం గాజు పోగులది, ఎక్కువైన రెసిన్ పెళుసుదనాన్నే ఇస్తుంది.

తేలడానికి అరలలో థర్మోకోల్ నింపిన పడవలవారికి ఇది మరింత ముఖ్యం: స్టైరీన్ తగిలితే థర్మోకోల్ కళ్లముందే కరిగి గుంటపడుతుంది. ఆ అరల గోడకు లోపలి నుంచి పాలియెస్టర్ వేస్తే పైకి అతుకు బాగానే కనిపించినా, పడవ మునిగినప్పుడు తేల్చవలసిన సరుకు లోపల మిగలదు. అక్కడ ఎపాక్సీ తప్ప మరొకటి వాడకూడదు. పాలీయూరిథేన్ ఫోమ్ ఉన్న పడవలకు ఈ ఇబ్బంది లేదు.

పని తీరు రెండింటికీ చాలావరకు ఒకటే. గ్రైండర్ పెట్టకముందే ఆ చోటును అసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ముందు అరగదీసి తరువాత తుడిస్తే మైనం, నూనె ఫైబర్‌లోకి దిగిపోతాయి. ఆ తరువాత 36 లేదా 40 నంబరు డిస్కుతో, తెల్లబడిన పోగు ఒక్కటి కూడా మిగలనంత వరకు అరగదీయాలి. మొత్తం పనిలో సగం కంటే ఎక్కువ సమయం దీనికే పట్టాలి. అతుకులు ఊడటానికి రెసిన్ కంటే ఈ దశలోని తొందరే ఎక్కువగా కారణం. పొరలు వేసేటప్పుడు గాడుల ఇనుప రోలర్‌తో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోతే, తెల్లని గాలి బుడగలు అంచుకు జరిగి, బట్ట ఒక్కసారిగా పారదర్శకమై కింది పొర కనిపిస్తుంది; ఎక్కడైనా తెలుపు మిగిలిందంటే అక్కడ గాలి ఉన్నట్టే. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే సన్న ఇసుక వచ్చి పచ్చి రెసిన్ మీద పడుతుంది కనుక గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టుకోవాలి. ఎండ నేరుగా పడే గోడ మీద వేయకూడదు. ఎండ తప్పుకుని గోడ చల్లబడుతున్న సాయంత్రపు తొలి వేళ మంచిది. వేడెక్కుతున్న ఫైబర్ లోపలి గాలిని బయటికి నెట్టి బుడగలు లేపుతుంది.

కలపడంలో మాత్రం రెండింటికీ చాలా తేడా ఉంది, కొత్తవారు ఏది ఎంచుకోవాలో దీనిని బట్టి కూడా నిర్ణయించుకోవచ్చు. పాలియెస్టర్‌లో ఎం.ఇ.కె.పి. అనే క్యాటలిస్ట్ (రెసిన్‌ను గట్టిపరిచే ద్రవం) రెసిన్ బరువులో 1 నుంచి 2 శాతం వరకు, అంటే కిలోకు సుమారు 10 నుంచి 20 మిల్లీలీటర్లు పడుతుంది. ఎండాకాలం 1 శాతం దగ్గర, చలికాలం 2 శాతం దగ్గర ఉంచి వేగాన్ని మార్చుకోవచ్చు. 1 శాతం కంటే తగ్గిస్తే అది ఎప్పటికీ పూర్తిగా గట్టిపడకపోవచ్చు. ఎపాక్సీలో ఈ వెసులుబాటు లేదు. డబ్బా మీద ఏ పాళ్లు రాసి ఉంటే అవే పాళ్లు, తూకంతో, గరిటె అంచనా లేకుండా కలపాలి; ఎపాక్సీని గట్టిపరిచే రెండో ద్రవమైన హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. వేడి రోజుల్లో నెమ్మదిగా పనిచేసే హార్డెనర్ రకాన్నే అడగాలి. చిన్న త్రాసు లేనివారు, పాళ్ల విషయంలో నిదానం లేనివారు ఎపాక్సీ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ప్రాణానికి సంబంధించిన రెండు మాటలు. దుకాణాలలో పాలియెస్టర్ రెసిన్, గట్టిపడే వేగాన్ని పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్, క్యాటలిస్ట్ విడివిడిగా అమ్ముతారు. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతే క్యాటలిస్ట్ పోయాలి. ఆ రెండు సీసాల ద్రవాలు నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట, పేలుడు జరుగుతాయి. ఒకే కొలత మూతను రెండింటికీ వాడటం కూడా ప్రమాదమే. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోగలదు కాబట్టి కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. పడినట్లయితే వెంటనే కనీసం పావుగంట సేపు నీటితో కడుగుతూ ఉండి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎపాక్సీ హార్డెనర్ వల్ల చర్మానికి వచ్చే అలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు, చేతి తొడుగులు తప్పనిసరి. ఫైబర్ దుమ్ముకు ముఖాన కట్టుకున్న తువ్వాలు చాలదు. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకూడదు.

మేస్త్రీకి ఇవ్వవలసిన పనులు ఏవి? ఇంజను బిగించే వెనుక చెక్క అన్నింటికంటే ముందు వస్తుంది. ఫైబర్ పొరల మధ్య ఉన్న ప్లైవుడ్ కుళ్లితే పైకి ఏమీ తెలియదు. బోల్టుల దగ్గర సన్నని రంధ్రం వేసి చూస్తే, పొడి రజనుకు బదులు నల్లని తడి పిప్పి బయటికి వస్తుంది. దానిని తొలగించి కొత్త చెక్క కూర్చడానికి కొలతలు, బిగింపులు, పడవ ఆకారం చెదరకుండా ఆనింపులు కావాలి. అడ్డకమ్ములు వరుసగా విడిపోయిన పడవ, మీటరు కంటే పొడవైన చీలిక ఉన్న పడవ కూడా అటువంటివే. మేస్త్రీ చేతి నైపుణ్యం నిజంగా విలువైనది. రోలర్ ఒరవడి, పొరల మధ్య వ్యవధి చెప్పితే రావు. అయితే కొన్ని చోట్ల పగులును పుటీతో పూడ్చి, రంగు వేసి అప్పగించే అలవాటు ఉంది, పడవ నీటిలో దిగాక గాని అది బయటపడదు. అందుకని పని ఒప్పుకునేటప్పుడే రెండు షరతులు పెట్టుకోవాలి: అరగదీసిన చోటును పొర వేయకముందు యజమాని చూడాలి, రెసిన్, మ్యాట్ యజమానే కొని ఇవ్వాలి. మంచి మేస్త్రీ ఈ రెండింటికీ అభ్యంతరం చెప్పడు. అరగదీయడం, కడగడం, ఆరబెట్టడం మనమే చేసుకుని, పొరలు మాత్రమే అతని చేత వేయించుకోవడం అనే మధ్యేమార్గం కూడా ఉంది. కూలి తగ్గుతుంది, పనిలో లోపలి సంగతి మన కళ్లెదుట ఉంటుంది. మొదటిసారి ఈ పనికి దిగేవారికి నేను ఈ పద్ధతినే ముందుగా సూచిస్తాను.

అల్యూమినియం రేకు బోల్టులతో బిగించడం, నీటిలో గట్టిపడే పుటీ రాయడం ఆ రోజుకు ఒడ్డు చేరడానికే పనికివస్తాయి. వాటిని మరమ్మతుగా లెక్కించకూడదు.

పడవను వదులుకోవలసిన సందర్భాలు తక్కువే గాని ఉన్నాయి. ఒడ్డున నిలిపిన పడవ అడుగును కాలితో బలంగా నొక్కితే వంగుతున్నా, తట్టినప్పుడు అడుగులో సగానికి పైగా మొద్దు శబ్దమే వస్తున్నా, వెనుక చెక్కతో పాటు అడ్డకమ్ములు కూడా మెత్తబడినా, దాని మీద పెట్టే రెసిన్ ఖర్చు తిరిగి రాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాత పడవ స్థానంలో కొత్త పడవ, వలలకు సహాయం పెట్టారు. సాధారణ వర్గానికి యూనిట్ ఖర్చులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం వరకు రాయితీ నిర్ణయించారు. ఇలాంటి సహాయానికి దరఖాస్తు చేస్తే పడవ రిజిస్ట్రేషన్ కాగితాలు అడుగుతారు కనుక, పడవ పాడైపోయిందని వాటిని నిర్లక్ష్యం చేయకూడదు.

సొంతంగా పని ముగించినవారికి చివరి పొర విషయంలో కూడా ఎంపిక ఉంది. పాలియెస్టర్ గాలి తగిలిన పైభాగంలో జిగటగా మిగులుతుంది కనుక ఆఖరి పూతలో మైనం ద్రావణం కలపాలి, లేదా ప్లాస్టిక్ కాగితం పరచాలి. దాని మీద జెల్‌కోట్ వేయాలనుకుంటే మాత్రం ఆ మైనాన్ని గీకి తీయాలి. ఎపాక్సీ మీద కొన్నిసార్లు మైనంలాంటి పల్చని పొర తేలుతుంది. అసిటోన్‌తో అది పోదు, నీటితో రుద్ది కడిగి, ఆరిన తరువాత గరుకు కాగితం పట్టాలి. ఎపాక్సీ ఎండకు పాడవుతుంది కాబట్టి దాని మీద రంగు తప్పనిసరి, జెల్‌కోట్ దానికి నప్పదు. రంగు వేసేటప్పుడు రిజిస్ట్రేషన్ నంబరు చెరిగితే అదే అక్షరాల కొలతతో తిరిగి రాయించుకోవాలి. చేతికి గట్టిగా తగిలినంత మాత్రాన పడవను నీటిలోకి దించకూడదు. చలికాలంలో అయితే వారం రోజులు ఆగి, ముందుగా ఒడ్డుకు దగ్గరలోనే ఒక పూట తేల్చి ఉంచి, అతుకు లోపలి వైపు పొడి గుడ్డతో తుడిచి చెమ్మ రాలేదని చూసుకున్నాకే వల ఎక్కించాలి.